బీరమొలక మెడ వంచిన ఏడు

ఒకప్పుడు మొలకలకి మెడ వంచడం తెలియదు. మట్టిలోంచి నిటారుగా లేచి, మొగం ఆకాశానికి పెట్టి, కళ్లు విప్పుకుని వచ్చేవి. వస్తూనే "ఇదిగో, నేనొచ్చాను" అనేవి. గుమ్మడి మొలకైతే రెండు ఆకులూ బార్లా చాపి ఆవులించేది కూడా. భయం తెలియనంతకాలం ఎవరైనా అలాగే ఉంటారు.

ఆ తరువాత వడగాలికి నాలుక మొలిచింది.

గాలికి నాలుకేమిటని అడగకండి. ఆకలి ముదిరితే దేనికైనా నాలుక మొలుస్తుంది. వాడి కాపురం పడమటి కొండల వెనక. ఏడాదిలో సగం అక్కడే మునగదీసుకుని పడుకునేవాడు. కొత్త ఏడు పుట్టిననాడు, సరిగ్గా మిట్టమధ్యాహ్నం, కొండ దిగి వచ్చేవాడు. పొట్ట నేలకి రాసుకుంటూ, చప్పుడు చెయ్యకుండా వచ్చేవాడు. ఆ సంగతి ముందు కాకులకి తెలిసేది. అవి నోళ్లు తెరుచుకుని, అరవడం మరిచిపోయి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని కూర్చునేవి. కాకి నోరు పడిపోయిందంటే ఊరు తలుపులు వేసుకునేది.

వాడికీ ఒక కట్టుబాటు ఉంది. కొత్త ఏట నాలుకకి మొదట ఏ రుచి తగిలితే, ఆ ఏడంతా వాడు అదే తినాలి. వేరొకటి గొంతు దిగదు. మొదట ఆనప మొలకని నాకాడా, ఇక ఏడాదంతా ఆనపే. చేలో ఉన్న పాదులనీ, ఇంట్లో దాచిన గింజలనీ వాసన పట్టి వెతుక్కుని మరీ తినేవాడు.

వెన్నకాయ కూర తిన్నారా మీరు? పాలదొండ వేపుడు తిన్నారా? తినలేదు. మీ అమ్మా తినలేదు, ఆవిడ అమ్మా తినలేదు. వాటిని వాడు విత్తనం మిగలకుండా తినేశాడు. పేర్లు మాత్రం రుచి లేనివి కాబట్టి మిగిలాయి.

"అలాంటప్పుడు ఆ రోజు ఏదీ నాటకుండా ఊరుకోవచ్చుగా" అంటారు. ఊరివాళ్లూ ఒక ఏడు అలాగే అనుకున్నారు. చేలన్నీ బోడిగా వదిలేశారు. వడగాలి వచ్చాడు, చూశాడు, ఊళ్లోకి నడిచాడు. తలుపుల సందుల్లోంచి దూరాడు. ఆ ఏడు ఊళ్లో ఎన్ని ఊయలలు విప్పి అటకెక్కించారో పెద్దవాళ్లెవరూ పిల్లలకి చెప్పరు. నేనూ చెప్పను.

అందుకని ప్రతి ఏడూ ఒక గింజని ముందు పంపాలి. ఎవరిని పంపాలి? ఆ మాట తేల్చే పని తవుడమ్మది.

తవుడమ్మ ఆ ఊరి విత్తనాలు కాచే ముసలిది. ఆమె ఇంట్లో గోడలకి పిడకలుండేవి, పిడకల్లో గుమ్మడి గింజలుండేవి. పొయ్యిమీద ఉట్టిలో కుండలుండేవి, కుండల్లో బూడిద, బూడిదలో వంగ, బెండ, దోస, చిక్కుడు, బీర. పొగ తగిలితే పురుగు పట్టదు. ఆ పొగలోనే తవుడమ్మ జుట్టూ నెరిసింది. కొత్త ఏడు పుట్టిన రోజు పొద్దున్నే అన్నిటినీ చేటలో పోసుకుని చేనికి వెళ్లి, ఒక గింజని ఏరి, తన చేత్తోనే పాతాలి. ఏరినందుకు ఏడాదంతా తిట్లు కూడా ఆమే తినాలి. తిట్టేవాళ్లెవరూ చేట పట్టుకోవడానికి మాత్రం ముందుకి వచ్చేవారు కారు.

ఈ కథ జరిగిన ఏడు తవుడమ్మకి మనవరాలి బెంగ ఒకటి.

మనవరాలి పేరు పైడి. ఆరేళ్ల పిల్ల. చలికాలంలో జ్వరం వచ్చి వదిలింది గానీ, కడుపుని వదల్లేదు. అన్నం పెడితే కక్కేది. పప్పు పెడితే మెలికలు తిరిగిపోయేది. వైద్యుడు నాడి చూసి, "బీరకాయ ఒక్కటే పడుతుందమ్మా ఈ కడుపుకి. లేత బీరకాయ ఉడికించి పెట్టు, ఇంకో ఏడాది అదే పత్యం" అన్నాడు. బీరకాయ పెడితే పిల్ల తినేది, తిని నవ్వేది. పాత పాదుమీద ఇంక రెండు కాయలే మిగిలాయి. బీర గింజలు కుండ అడుగున పిడికెడు కూడా లేవు.

ఈ ఏడు బీర ముందు పోతే పైడి ఏం తింటుంది?

ఆ పొద్దున చేను దగ్గర చేట దించగానే గింజలన్నీ ఒక్కసారి మొదలెట్టాయి.

"నా కోసం చెప్పడం లేదు, మీ కోసమే చెబుతున్నాను" అంది గుమ్మడి గింజ. "నేను పోతే మీ గుమ్మాలకి దిష్టి ఎవరు తగలకుండా చూస్తారు?"

"ఎప్పుడు చూసినా మా కోసమే" అంది బెండ గింజ.

"నేను కిరీటంతో పుట్టినదాన్ని" అంది వంగ గింజ. "నా కూర లేకపోతే పెళ్లివారు విస్తరి ముందునుంచి లేచిపోతారు."

"ఆ కిరీటానికి ముళ్లుంటాయి, ఆ మాట చెప్పవేం" అంది చిక్కుడు గింజ. "మామ్మా, మాది పెద్ద కుటుంబం. గుత్తికి పదిమందిమి. పిల్లలు గలదాన్ని ఎవరైనా ముందు పంపుతారా?"

"మా వంతు అయిపోయింది" అంది దోస గింజ. దాని గొంతు ఇంకా వణుకుతూనే ఉంది. "మూడేళ్ల కిందట మమ్మల్నే పంపారు. కుండ పగులులో ఇరుక్కుని ఐదుగురం బతికాం. ఆ ఏడు వాడు కుండ చుట్టూ తిరుగుతూ వాసన చూస్తుంటే, ఊపిరి బిగబట్టుకుని..."

అది బెండ గింజ వెనక్కి నక్కింది.

బీర గింజ చేట మూలన, నల్లగా, నోరు మెదపకుండా ఉంది.

గుమ్మడి దానివైపు చూసింది. "బీర ఉందిగా. దానికీ మనకీ ఏముంది, బీరకాయ పీచు చుట్టరికం. దాని లోపల ఉన్నదంతా నీళ్లే. నీళ్లు పోతే ఎవరేడుస్తారు?"

"నేనేడుస్తాను" అంది తవుడమ్మ.

గట్టుమీదనుంచి దాలినాయుడు దగ్గాడు. ఆయన ఊరిపెద్ద. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని చెట్టు నీడన నిలబడ్డాడు. పెద్దరికానికి నీడ తప్పదు కదా.

"తవుడమ్మా, పొద్దెక్కుతోంది. ఏరలేకపోతే చేట ఊపు. మొదట ఏది కింద పడితే అది. నీకూ మాట రాదు, నాకూ మాట రాదు."

"నీకెప్పుడు వచ్చింది నాయుడూ, నాకే గానీ" అంటూ ఆమె కళ్లు మూసుకుని చేట ఊపింది.

టప్పున ఒకటి పడింది. కళ్లు తెరిచి చూసింది. బీర గింజ.

తనంతట తాను జారిన గింజ చేట అంచు కింద పడుతుంది. ఇది జానెడు దూరం ఎగిరి పడింది. గుమ్మడి గింజ భుజం సర్దుకుంటూ ఎటో చూస్తోంది. తవుడమ్మకి అర్థమయింది. అర్థమయి ఏం లాభం, నాయుడు అప్పుడే "బీర, బీర" అని ఊరివైపు కేక వేసేశాడు.

ఆమె వంగింది. నాయుడికి ఆమె వీపే కనిపిస్తోంది. గింజ మార్చెయ్యడం ఎంతసేపు? దోస గింజ వేలికి అందేంత దూరంలో ఉంది. నల్లగింజ తీసి కొంగున కట్టుకుని తెల్లగింజని గుంటలో వేస్తే ఎవరికి తెలుస్తుంది?

ఆమె చెయ్యి దోస దాకా వెళ్లింది. దోస గింజ కళ్లు మూసుకుంది. అరవలేదు, ఏడవలేదు. అలవాటైన భయానికి అరుపు ఉండదు.

తవుడమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. దోస ఎవరింటి పత్యమో. బెండ ఏ పిల్లకి ప్రాణమో. ఏ గింజ ముట్టుకున్నా దాని వెనక ఎవరో ఒక పిల్ల గిన్నె చాపి నిలబడి ఉన్నట్టే కనిపించింది.

బీర గింజని రెండు వేళ్ల మధ్య పట్టుకుంది.

"మామ్మా" అంది అది, మొదటిసారి నోరు విప్పి. "నొప్పిగా ఉంటుందా?"

"నాకు తెలియదమ్మా" అంది తవుడమ్మ. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

ఆ ఊళ్లో గింజ పాతడానికి ఒక పద్ధతి ఉంది. ముక్కు పైకి, వీపు కిందికి. అలా పెడితేనే మొలక తిన్నగా మొగమెత్తి లేస్తుంది. నడక రాని పిల్లకైనా ఆ ఊళ్లో ఈ సంగతి తెలుసు. తవుడమ్మ జన్మలో ఒక్క గింజనీ తిరగేసి పాతలేదు.

ఆ క్షణాన కాకుల అరుపు ఆగిపోయింది.

ఆమె మెడమీద వెచ్చగా ఏదో తగిలింది. ఊపిరి. గట్టుమీద నాయుడు లేడు, తువ్వాలు మాత్రం పడి ఉంది. తవుడమ్మ చెయ్యి వణికింది. వేళ్లలోంచి గింజ జారి గుంటలో పడింది. ఆమె గబగబా మట్టి కప్పేసింది. కప్పుతుంటే వేలికొస తగిలి తెలిసింది, పైన ఉన్నది ముక్కు కాదు, గుండ్రటి వీపు. గింజ తలకిందులుగా పడింది.

"ముసలీ" అన్నాడు వడగాలి. "ఈ ఏడు ఏం పెట్టావు?"

"మొలిచాక చూస్తావుగా."

"చెయ్యి వణుకుతోందేం?"

"ముసలితనం."

"కాదు" అన్నాడు వాడు తీరిగ్గా. "ముసలితనం వణుకు వేరు, భయం వణుకు వేరు. నేను రెండూ రుచి చూసినవాణ్ణి."

వాడు గట్టుమీద చతికిలబడ్డాడు. వాడు కూర్చున్నచోట గడ్డి పసుపయింది, తరువాత తెల్లబడింది, తరువాత లేదు. మొలక వచ్చేదాకా వాడు కదలడు. గుంట తవ్వి గింజని సరిచెయ్యాలంటే వాడి కళ్లెదురుగానే తవ్వాలి. ఎలా తవ్వుతుంది?

రోజూ పొద్దున్నే తవుడమ్మ ముంతతో నీళ్లు తెచ్చి పాదులో పోసేది. వెంట పైడి వచ్చేది, కొంగు పట్టుకుని. ఇంట్లో ఒక్కతీ ఉండాలంటే ఆ పిల్లకి భయం. వాళ్లు వచ్చినప్పుడల్లా వాడు నాలుకతో పెదాలు తడుపుకునేవాడు. తడి తగిలినట్టే ఉండేది కాదు ఆ పెదాలకి.

మూడో రోజు నీళ్లు పోస్తూ వంగితే, మట్టిలోంచి సన్నగా వినిపించింది.

"మామ్మా. నాకు అంతా చీకటిగా ఉంది. ఆకాశం ఎటు?"

జవాబు చెబితే వాడు వింటాడు. చెప్పకపోతే గింజ కిందకే పోయి పోయి కుళ్లిపోతుంది.

అప్పుడే పైడి ఎండకి మొగమెత్తి కళ్లు చికిలించింది. తవుడమ్మ ఆ పిల్లని పట్టుకుని గట్టిగా కసరడం మొదలెట్టింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఎటు తిరగాలో తెలియకపోతే వీపు ముందు పెట్టి రా. మెడ వంచు. మొగం కాళ్లవైపు దాచుకో. నెత్తిమీది ముసుగు తియ్యకు, నేను చెప్పేదాకా తియ్యకు."

కొంగు తీసి పిల్ల నెత్తిన కప్పింది. పైడి బిత్తరపోయి మెడ వంచుకుని నిలబడింది.

"ఎవరిని తిడుతున్నావు?" అన్నాడు వడగాలి.

"నా మనవరాలిని. ఎండలో మొగం కాల్చుకుంటోంది."

వాడు పైడివైపు చూశాడు. చాలాసేపు చూశాడు. పిల్ల మొగం కొంగులో ఉంది. వాడికి కనిపించింది సన్నటి మెడా, వీపూ. వాడికి ఎందుకో చూపు తిప్పుకోవాలనిపించింది. మొగం కనిపించనిదాన్ని తినాలంటే ఎక్కడ మొదలెట్టాలో వాడికి తెలియదు.

మట్టి కింద ఏ చప్పుడూ లేదు. విన్నదో లేదో కూడా తెలియదు.

నాలుగో రోజు ఏమీ లేదు. ఐదో రోజు పాత పాదుమీద ఆఖరి కాయ కోసి వండింది తవుడమ్మ. పైడి తిని గిన్నె నాకి, "రేపు కూడా ఇదేనా మామ్మా?" అంది. తవుడమ్మ గిన్నె కడగడానికి బయటికి వెళ్లిపోయింది.

ఆరో రోజు మిట్టమధ్యాహ్నం మట్టి బీటలిచ్చింది.

వడగాలి లేచాడు. ఊళ్లో తలుపులన్నీ మూసుకున్నాయి. తవుడమ్మ ముంత కింద పెట్టి, పైడిని వెనక్కి తోసి, పాదు పక్కనే కూర్చుంది. పాతిన చెయ్యి దగ్గర ఉండాలి కదా, కనీసం.

బీట వెడల్పయింది. వాడు పొట్ట నేలకి రాసుకుంటూ వచ్చాడు. నాలుక చాపాడు. గరుకుగా, ఎర్రగా, పొయ్యిలో కాల్చిన అట్లకాడలా ఉంది.

పైకి వచ్చింది మొగం కాదు.

తెల్లటి మెడ ఒకటి, విల్లులా వంగి, వీపుమీద మట్టిగడ్డని మోసుకుంటూ వచ్చింది. మొగం లోపలే ఉంది. మొగం మీద నల్లటి పెంకు ముసుగులా బిగించుకుని ఉంది.

అలాంటి మొలకని ఎవరూ ఎన్నడూ చూడలేదు. వడగాలీ చూడలేదు. కానీ ఆరునెలల ఆకలి, నాలుక అప్పటికే సాగిపోయింది, ఆగితేనా. ఒక్క నాకు నాకాడు.

మట్టి.

నాలుకమీద మొదట పడ్డది మట్టి.

"థూ" అన్నాడు వాడు. మళ్లీ నాకాడు, పెంకు తగిలింది. మింగబోయాడు, గొంతు దిగలేదు. చేని అంచున ఉన్న పాత ఆనప పాదువైపు పరిగెత్తాడు, నాలుక పెట్టాడు, డోకు వచ్చింది. ఊరివైపు తిరిగాడు. తలుపు సందులో మొగం పెట్టాడు, దగ్గి దగ్గి వెనక్కి వచ్చేశాడు. కొత్త ఏడు మొదటి రుచి మట్టి అయిపోయింది. ఇక వాడు తినగలిగింది మట్టే.

"ముసలీ, మోసం చేశావు" అని అరిచాడు. నోటినిండా దుమ్ము, మాట సరిగ్గా రాలేదు.

"నేనేం చెయ్యలేదురా" అంది తవుడమ్మ. అది సగం నిజమే. "భయపడ్డాను, అంతే. నువ్వు నేర్పినదేగా."

వాడు గిర్రున తిరిగాడు. బాటమీది దుమ్మంతా వాడి కడుపులోకి లేచింది. తిరుగుతూ తిరుగుతూ కొండలవైపు పోయాడు. ముందొక కాకి అరిచింది. తరువాత అన్నీ అరిచాయి. చెవులు చిల్లులు పడేట్టు అరిచాయి, ఆ రోజు ఎవరూ వాటిని తోలలేదు.

"మామ్మా, పోయాడా?" అంది మొలక, మెడ వంచుకునే.

"పోయాడు."

"నిజంగానా?"

"నిజంగానే. ఇక తల ఎత్తు."

అది వెంటనే ఎత్తలేదు. మెల్లగా, పెంకు ముసుగు ఒక పక్కకి జార్చి, ఒక ఆకు సందులోంచి చూసి, అప్పుడు ఎత్తింది.

తవుడమ్మ ఇంటికెళ్లి చేట తెచ్చి దించగానే గుమ్మడి గింజ గొంతు సవరించుకుంది. "అమ్మా బీరా, మెడ ఎలా వంచావో కాస్త చెప్పవూ? నా కోసం కాదు..."

"మనది పీచు చుట్టరికమేగా అక్కా" అంది బీర. "నీకెందుకులే."

అయినా చెప్పింది. గుమ్మడికి చెప్పింది, దోసకి చెప్పింది, వంగకీ చిక్కుడికీ బెండకీ చెప్పింది. తవుడమ్మ ఆ రోజు మిగిలిన గింజలన్నిటినీ ముక్కు కిందికి పెట్టే పాతింది. నాయుడు తువ్వాలు వెతుక్కుంటూ వచ్చి, "ఈ ఉపాయం నేనే చెబుదామనుకున్నాను" అన్నాడు. తవుడమ్మ ఆయనవైపు చూసిన చూపుకి తువ్వాలు తీసుకోవడం మరిచిపోయాడు.

కొత్త కాయ వచ్చేదాకా పైడికి పాత పాదు బీరాకు ఉడికించిన నీళ్లే పత్యం. బీర తీగ సాగింది, పందిరెక్కింది, మొగ్గ తొడిగింది. పొద్దున్నే గుమ్మడి పూసింది. మధ్యాహ్నమైనా బీరమొగ్గ విప్పుకోలేదు.

"ఏమే, ఇంకా భయమేనా?" అంది తవుడమ్మ.

"వాడు కొండ వెనక ఉన్నాడుగా మామ్మా. దుమ్ము తింటున్నా, ఉన్నాడుగా. పొద్దు వాలనీ. వాడు పడుకున్నాక చూపిస్తాను."

తవుడమ్మ ముంతెడు నీళ్లు పాదులో పోసింది. వాడి నాలుక వీపుమీద తగిలినవాళ్లకి తెలుస్తుంది గానీ, గట్టుమీద నిలబడ్డవాళ్లకి ఏం తెలుస్తుంది?

పొద్దు వాలింది. గాలి చల్లబడింది. పందిరి కింద కూర్చున్న పైడి "మామ్మా" అని పిలిచింది. పసుపుపచ్చటి పువ్వు ఒక్కొక్క రేకే విప్పుకుంటోంది. దాని వెనకే మరొకటి. చీకటి పడేలోగా పందిరంతా పసుపు.

పదిరోజులకి లేతకాయలు కోసి తవుడమ్మ కూర చేసింది. పైడి తిని, గిన్నె చాపి, ఇంకాస్త పెట్టమంది. ఈసారి తవుడమ్మ బయటికి వెళ్లలేదు. కూర్చుని పెట్టింది.

అప్పటినుంచే కొత్త ఏట ఏ గింజ ముందు పాతాలా అని తడుముకోకుండా ఆ ఊళ్లో బీరగింజకే మొదట చెయ్యి వెళుతుంది. అప్పటినుంచే వడగాలి నోరు తెరిస్తే దుమ్ము తప్ప ఇంకేమీ ఉండదు. అప్పటినుంచే కూరగాయ మొలకలు మెడ వంచి, వీపు ముందు పెట్టి, నెత్తిన పెంకు ముసుగుతో మట్టిలోంచి వస్తాయి. ఆపద లేదని తెలిశాక మిగతావి చాలామట్టుకు మొగమెత్తి, పగలే నవ్వుతాయి. బీరపువ్వు మాత్రం ఈనాటికీ పొద్దు వాలేదాకా ఆగి, పడమటి కొండవైపు ఒకసారి చూసుకుని, అప్పుడు గానీ మొగం విప్పదు.